మూర్ఛ - శిశు సంరక్షణ సిబ్బందికి ప్రథమ చికిత్స శిక్షణ

మూర్ఛ లేదా అపస్మారము మెదడుకు సంబంధించిన ఒక దీర్ఘకాలిక వ్యాధి. వాడుకలో దీనిని ఫిట్స్ అని, చిన్నపిల్లల విషయంలో ఈడ్పులు అని కూడా అంటారు. మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా, క్రమం తప్పి విద్యుత్ సంకేతాలను వెలువరించినపుడు మూర్ఛ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నది. వీరిలో దాదాపు 80 శాతం మంది అల్ప, మధ్య ఆదాయ దేశాలలో నివసిస్తున్నారు. భారతదేశంలో కోటి మందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారని అంచనా. సరైన చికిత్స అందితే 70 శాతం వరకు రోగులు మూర్ఛలు లేకుండా జీవించగలరు.

మూర్ఛ వచ్చిన సమయంలో వైద్యుడు పక్కన ఉండడం అరుదు. ఆ కొద్ది నిమిషాలలో రోగి క్షేమం దగ్గర ఉన్నవారి తెలివిడిపై ఆధారపడి ఉంటుంది. ఆరేళ్ళ లోపు పిల్లల విషయంలో ఆ దగ్గరివారు తల్లిదండ్రులు కాకపోతే అంగన్‌వాడీ కార్యకర్త, ఆయా, శిశు సంరక్షణ కేంద్రం సిబ్బంది లేదా పాఠశాల ఉపాధ్యాయులు అవుతారు. అందువలన వీరికి మూర్ఛను గుర్తించడంలోనూ, ప్రథమ చికిత్సలోనూ శిక్షణ అవసరము. ఈ వ్యాసంలో ఆ శిక్షణలోని ముఖ్యాంశాలు గోదావరి డెల్టాలోని సామర్లకోట పరిసరాలను ఉదాహరణగా తీసుకొని వివరించబడినవి.

చరిత్ర

మూర్ఛ అతి ప్రాచీన కాలం నుండి మానవులకు తెలిసిన వ్యాధి. ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో అపస్మారము వాతజ, పిత్తజ, కఫజ, సన్నిపాతజ అని నాలుగు విధాలుగా వర్ణించబడినది. స్మృతి తొలగిపోవడం అన్న అర్థంలో అపస్మారము అనే పేరు వచ్చినది. నటరాజ విగ్రహాలలో శివుని పాదం క్రింద కనిపించే మరుగుజ్జు రూపానికి కూడా అపస్మార పురుషుడనే పేరు. అది అజ్ఞానానికి సంకేతము. ప్రాచీన గ్రీకులు మూర్ఛను దేవతల వలన కలిగే పవిత్ర వ్యాధిగా భావించేవారు. హిప్పోక్రటీసు పేరుతో ప్రచారంలో ఉన్న గ్రంథం దానిని ఖండించి, ఇతర వ్యాధుల వలెనే ఇది కూడా సహజ కారణాల వలన మెదడులో పుడుతుందని తెలిపినది.

ఆధునిక చికిత్సలో 1912లో ఫినోబార్బిటోన్, 1938లో ఫెనిటాయిన్ వాడుకలోకి వచ్చాయి. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారిగా మానవ మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రచురించాడు. నేడు మూర్ఛ నిర్ధారణకు ఉపయోగించే ఈఈజీ పరీక్షకు ఇదే మూలము. మూర్ఛ నిరోధానికి అంతర్జాతీయ సంఘం 1909లో బుడాపెస్ట్‌లోనూ, భారత మూర్ఛ సంఘం 1970లోనూ స్థాపించబడినవి. భారతదేశంలో ప్రతి సంవత్సరం నవంబరు 17వ తేదీని జాతీయ మూర్ఛ దినంగా పాటిస్తారు.

కారణాలు

ఒకసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన మూర్ఛవ్యాధి ఉన్నట్లు కాదు. తాత్కాలిక కారణం ఏదీ లేకుండా, కనీసం 24 గంటల వ్యవధితో రెండు సార్లు మూర్ఛ వచ్చినపుడు గాని, ఒకసారి వచ్చి మళ్ళీ వచ్చే అవకాశం చాలా ఎక్కువగా ఉన్నదని పరీక్షలలో తేలినపుడు గాని మూర్ఛవ్యాధిగా నిర్ధారిస్తారు. ముఖ్యమైన కారణాలు:

* కాన్పు సమయంలో శిశువు మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం
* తలకు బలమైన దెబ్బ తగలడం
* మెదడువాపు, మెనింజైటిస్ వంటి అంటువ్యాధులు
* మెదడులో బద్దెపురుగు తిత్తులు ఏర్పడడం
* జన్యు కారణాలు, మెదడు నిర్మాణంలో పుట్టుకతో వచ్చే లోపాలు
* మెదడులో గడ్డలు, వృద్ధులలో పక్షవాతం

చాలామందిలో కారణం తెలియకపోవచ్చును. బద్దెపురుగు తిత్తుల సమస్య భారతదేశంలో తరచుగా కనిపించే, నివారించదగిన కారణము. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీటి ద్వారా, సరిగా కడగని కూరగాయల ద్వారా, శుభ్రం లేని చేతుల ద్వారా మరొకరి కడుపులోకి చేరి, అక్కడ నుండి మెదడుకు వెళ్ళి తిత్తులుగా మారతాయి. కనుక పందిమాంసం ముట్టనివారికి కూడా ఇది రావచ్చును. మరుగుదొడ్ల వాడకం, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం దీనికి నివారణ మార్గాలు. అంగన్‌వాడీ కేంద్రంలో నేర్పే చేతుల శుభ్రతకు మూర్ఛ నివారణతో ఈ విధంగా నేరుగా సంబంధం ఉన్నది.

మూర్ఛ అంటువ్యాధి కాదు. రోగిని తాకడం వలన గాని, రోగి నోటి నురగ వలన గాని ఇతరులకు సోకదు.

సంరక్షకులు గుర్తించవలసిన రకాలు

మూర్ఛ అనగానే కాళ్ళు చేతులు కొట్టుకోవడమే చాలామందికి గుర్తుకు వస్తుంది. కాని పిల్లలలో ఇతర రూపాలు కూడా ఉన్నవి.

* పూర్తి శరీర మూర్ఛ: పిల్లవాడు స్పృహ కోల్పోయి పడిపోతాడు. శరీరం మొదట కర్రలా బిగుసుకొని, తరువాత కాళ్ళు చేతులు కొట్టుకుంటాయి. నోటి నుండి నురగ రావచ్చును, నాలుక కరచుకోవచ్చును, మూత్రం పోవచ్చును. సాధారణంగా ఒకటి నుండి మూడు నిమిషాలలో ఆగిపోతుంది. ఆ తరువాత మగతగా ఉంటుంది.
* స్తబ్ధ మూర్ఛ: పిల్లవాడు చేస్తున్న పని హఠాత్తుగా ఆపి కొన్ని క్షణాల పాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడు. పిలిచినా పలకడు. తరువాత ఏమీ జరగనట్లు పని కొనసాగిస్తాడు. రోజుకు అనేక సార్లు రావచ్చును. ఎక్కువగా 4 నుండి 10 సంవత్సరాల మధ్య మొదలవుతుంది. దీనిని పరధ్యానంగా పొరబడి పిల్లలను దండించడం కలదు.
* పాక్షిక మూర్ఛ: ఒక చేయి లేదా ముఖంలో ఒక పక్క మాత్రమే అదురుతుంది. కొందరు పెదవులు చప్పరించడం, బట్టలు నలపడం చేస్తారు.
* పసిపిల్లల ముడుచుకుపోయే ఈడ్పులు: సాధారణంగా 3 నుండి 12 నెలల మధ్య మొదలవుతాయి. శిశువు నిద్ర లేచిన వెంటనే తల వంచి, చేతులు చాచి, వరుసగా అనేకసార్లు ఉలిక్కిపడినట్లు చేస్తుంది. కడుపునొప్పి అని ఉపేక్షించడం వలన చికిత్స ఆలస్యమై ఎదుగుదల దెబ్బతింటుంది. ఇటువంటి శిశువును వెంటనే పిల్లల వైద్యునికి చూపించవలెను.
* జ్వరంతో వచ్చే ఫిట్స్: 6 నెలల నుండి 5 సంవత్సరాల లోపు పిల్లలలో 2 నుండి 5 శాతం మందికి వస్తుంది. వీరిలో అత్యధికులకు తరువాత మూర్ఛవ్యాధి రాదు. అయితే మెదడువాపు, మెనింజైటిస్ లేవని నిర్ధారించుకొనుటకు వైద్యపరీక్ష అవసరము.

గుక్కపట్టి ఏడ్చి నీలంగా మారి సొమ్మసిల్లడం మూర్ఛ కాదు. ఏడుపు, కోపం, దెబ్బ వంటి కారణం ముందు ఉండడం దీని గుర్తు. అయితే మొదటిసారి జరిగినపుడు వైద్యునికి చూపించడం మంచిది.

సామర్లకోట పరిస్థితులు

సామర్లకోట కాకినాడ జిల్లాలోని పురపాలక పట్టణము. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. పంచారామాలలో ఒకటైన కుమారారామ భీమేశ్వరాలయం ఇక్కడ ఉన్నది. హౌరా - చెన్నై ప్రధాన రైలుమార్గం నుండి కాకినాడకు శాఖ ఇక్కడ చీలుతుంది. పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి సిబ్బందికి శిక్షణనిచ్చే విస్తరణ శిక్షణ కేంద్రం కూడా ఈ పట్టణంలో ఉన్నది. పెద్ద ప్రభుత్వ వైద్యశాల కాకినాడలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రి.

డెల్టా జీవనం మూర్ఛ రోగులకు కొన్ని ప్రత్యేకమైన ప్రమాదాలను కలిగిస్తుంది. 19వ శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరువాత విస్తరించిన కాలువలు, బోదెలు, చెరువులు, చేపల గుంటలు ఈ ప్రాంతంలో ఇళ్ళకు, బడులకు అతి సమీపంలో ఉంటాయి. కాలువ రేవులో స్నానం, బట్టలు ఉతకడం నిత్యకృత్యాలు. స్పృహ కోల్పోయిన మనిషికి మోకాలి లోతు నీరు కూడా ప్రాణాంతకమే. మూర్ఛ ఉన్న పిల్లవాడు మునిగిపోయే ప్రమాదం ఇతర పిల్లల కంటే అనేక రెట్లు ఎక్కువ. కట్టెల పొయ్యి, రైల్వే ప్లాట్‌ఫారం అంచు, పిట్టగోడ లేని డాబా ఇటువంటి ఇతర ప్రమాద స్థలాలు. వీటి గురించి భయపెట్టి పిల్లవాడిని ఇంట్లో బంధించడం పరిష్కారం కాదు. నీటి దగ్గరకు పెద్దల తోడు లేకుండా వెళ్ళకుండా చూడడం, స్నానం తొట్టిలో గాక కూర్చొని చెంబుతో చేయించడం, స్నానాలగదికి లోపల గడియ పెట్టకుండా చూడడం వంటి చిన్న జాగ్రత్తలు సరిపోతాయి.

శిక్షణ ఎవరికి అవసరము

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. దీని క్రింద పనిచేసే అంగన్‌వాడీ కేంద్రాలలో సాధారణంగా ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉంటారు. మూడు నుండి ఆరు సంవత్సరాల పిల్లలు రోజులో అనేక గంటలు వీరి దగ్గర ఉంటారు, అక్కడే భోజనం చేస్తారు. 2022 నుండి పాల్నా పథకం క్రింద కొన్ని అంగన్‌వాడీలలో శిశు సంరక్షణ కేంద్రాలు కూడా నడుస్తున్నవి. 50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ నిర్దేశించినది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వచ్చే వైద్యబృందాలు పరీక్షించే సమస్యలలో మూర్ఛ కూడా ఒకటి. చిన్నపిల్లల వ్యాధుల సమగ్ర చికిత్సా విధానంలో కూడా ఫిట్స్ ప్రమాద సూచనగా పేర్కొనబడినది. అయితే వైద్యబృందం వచ్చిన రోజున పిల్లవాడికి మూర్ఛ రాకపోవచ్చును. రోజూ చూసే కార్యకర్త చెప్పిన వివరమే వైద్యునికి నిర్ధారణలో ఎక్కువగా ఉపయోగపడుతుంది.

వసతిగృహాల వార్డెన్లు, బాలసదనాల సిబ్బంది, దివ్యాంగుల పాఠశాలల ఆయాలు, వృద్ధాశ్రమాలలో పనిచేసేవారు, పాఠశాల ఆటోల డ్రైవర్లు కూడా ఈ శిక్షణ పొందవలసినవారే.

ప్రథమ చికిత్స

పూర్తి శరీర మూర్ఛ వచ్చినపుడు చేయవలసిన పనులు వరుస క్రమంలో:

1. కంగారు పడకుండా పిల్లవాడి దగ్గరే ఉండవలెను. వెంటనే గడియారం చూసి సమయం గుర్తుంచుకొనవలెను.
2. చుట్టూ ఉన్న పలకలు, గిన్నెలు, కుర్చీలు వంటి గట్టి వస్తువులను తొలగించవలెను. పొయ్యి, నీరు, మెట్ల వంటివి పక్కనే ఉంటేనే పిల్లవాడిని అక్కడ నుండి జరపవలెను.
3. తల క్రింద మడిచిన చీర కొంగు, తువ్వాలు లేదా మెత్తని గుడ్డ పెట్టవలెను.
4. మెడ దగ్గర గుండీలు, టై, బిగుతైన తాళ్ళు వదులు చేయవలెను. కళ్ళద్దాలు తీసివేయవలెను.
5. వీలైనంత త్వరగా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. దీనివలన లాలాజలం, వాంతి, నోటిలోని అన్నం బయటకు కారిపోయి ఊపిరి మార్గం తెరచుకొని ఉంటుంది.
6. కొట్టుకోవడం ఆగిన తరువాత శ్వాస సరిగా ఆడుతున్నదో లేదో గమనించవలెను. స్పృహ పూర్తిగా వచ్చే వరకు పక్కకు తిప్పిన స్థితిలోనే ఉంచి, మెల్లగా మాట్లాడుతూ తోడుగా ఉండవలెను.

ఇద్దరు సిబ్బంది ఉన్నచోట పని పంచుకొనవలెను. ఒకరు పిల్లవాడి దగ్గర ఉండగా, మరొకరు మిగిలిన పిల్లలను పక్కకు తీసుకొనిపోయి, ఫోను చేయవలెను. గుంపు చేరకుండా చూడవలెను. మూత్రం పోయినట్లయితే గుడ్డ కప్పి, తరువాత బట్టలు మార్చవలెను. తోటి పిల్లల ముందు ఆ బిడ్డ గౌరవం కాపాడడం కూడా ప్రథమ చికిత్సలో భాగమే.

చేయకూడని పనులు

* నోటిలో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టరాదు. నాలుక గొంతులోకి పోయి మింగబడదు. బలవంతంగా పెట్టిన వస్తువు వలన పళ్ళు విరిగి గొంతులోకి జారవచ్చును, సహాయం చేసేవారి వేళ్ళు తెగవచ్చును.
* కొట్టుకుంటున్న కాళ్ళు చేతులను అదిమి పట్టుకొనరాదు. ఎముకలు విరిగే ప్రమాదం ఉన్నది.
* చేతిలో తాళాలగుత్తి, ఇనుప వస్తువు పెట్టడం వలన మూర్ఛ ఆగదు. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాలలో వాటంతటవే ఆగుతాయి. ఆ సమయానికి చేతిలో ఇనుము ఉండడం వలన దానివలననే ఆగినదనే నమ్మకం ఏర్పడినది.
* ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించరాదు. వాటివలన ప్రయోజనం లేదు, ఊపిరికి ఆటంకం కలుగుతుంది.
* స్పృహ పూర్తిగా రాకముందు నీరు, సోడా, పాలు, మాత్రలు, సిరప్పులు పట్టరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చును.
* వాతలు పెట్టరాదు, ముఖంపై నీళ్ళు కుమ్మరించరాదు.

జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లవాడికి కూడా పై పద్ధతే వర్తిస్తుంది. అదనపు బట్టలు తీసి గాలి తగలనివ్వవలెను. చల్లని నీటిలో ముంచరాదు. జ్వరం మందు పూర్తిగా మెలకువ వచ్చిన తరువాతనే ఇవ్వవలెను.

108కి ఎప్పుడు ఫోను చేయవలెను

అత్యవసర వాహన సేవ అయిన 108 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగష్టు 15న ప్రారంభమైనది. ఈ క్రింది సందర్భాలలో వెంటనే ఫోను చేయవలెను:

* మూర్ఛ 5 నిమిషాలు దాటినపుడు
* స్పృహ రాకుండానే మళ్ళీ మూర్ఛ వచ్చినపుడు
* జీవితంలో మొదటిసారి వచ్చినపుడు
* తరువాత శ్వాస సరిగా ఆడనపుడు, లేదా మామూలు కంటే ఎక్కువసేపు మెలకువ రానపుడు
* తలకు దెబ్బ తగిలినపుడు, నీటిలో మూర్ఛ వచ్చినపుడు
* గర్భిణులకు, మధుమేహం ఉన్నవారికి వచ్చినపుడు
* జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, విపరీతమైన మగత ఉన్నపుడు

5 నిమిషాలు దాటిన మూర్ఛ దానంతటది ఆగే అవకాశం తక్కువ. 30 నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వత నష్టం కలుగవచ్చును. కంగారులో ఒక నిమిషం పది నిమిషాలుగా తోచడం సహజం కనుక సమయాన్ని గడియారంలో చూడడం ముఖ్యము.

నీటిలో మూర్ఛ వచ్చినట్లయితే ముఖం నీటిపైన ఉండునట్లు తలను పట్టుకొని, సాధ్యమైనంత త్వరగా ఒడ్డుకు చేర్చవలెను. శ్వాస లేకపోతే వెంటనే కృత్రిమ శ్వాసతో కూడిన సీపీఆర్ మొదలుపెట్టవలెను. కోలుకున్నట్లు కనిపించినా నీరు ఊపిరితిత్తులలోకి పోయి ఉండవచ్చును గనుక ఆసుపత్రికి తప్పక తీసుకొనిపోవలెను.

కొందరు పిల్లలకు వైద్యులు మిడజోలం అనే ముక్కులో కొట్టే మందును ముందుగానే వ్రాసి ఇస్తారు. పిల్లవాడి బరువును బట్టి మోతాదు నిర్ణయించబడుతుంది. వైద్యుని వ్రాతపూర్వక సూచన, తల్లిదండ్రుల అనుమతి ఉండి, వాడకంలో శిక్షణ పొందినవారు మాత్రమే దానిని ఇవ్వవలెను.

శిక్షణలో ఉండవలసిన అంశాలు

ఉపన్యాసం విన్నంత మాత్రాన చేతులు పనిచేయవు. కనుక శిక్షణలో అభ్యాసానికే ఎక్కువ సమయం కేటాయించవలెను. బొమ్మపైన గాని, ఒకరిపై ఒకరు గాని పక్కకు తిప్పే పద్ధతిని పలుమార్లు చేయించవలెను. సీపీఆర్, గొంతులో వస్తువు అడ్డుపడినపుడు చేయవలసిన పని కూడా ఇందులో చేర్చవలెను. ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తాయి. నేర్చుకున్నది మరచిపోకుండా కొంతకాలానికి ఒకసారి పునశ్చరణ జరగవలెను.

మూర్ఛ ఉన్న ప్రతి పిల్లవాడికి కేంద్రంలో ఒక పుట సమాచార పత్రం ఉండడం మంచిది. అందులో మూర్ఛ ఏ విధంగా వస్తుంది, సాధారణంగా ఎంతసేపు ఉంటుంది, వాడే మందులు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, వైద్యుని సూచనలు వ్రాయవలెను. మూర్ఛ వచ్చిన ప్రతిసారి తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, మొదట ఏ పక్క అదిరినది, కళ్ళు ఎటు తిరిగినవి, జ్వరం ఉన్నదా, మందు మానినారా అనేవి నమోదు చేయవలెను. వైద్యునికి చూపించుటకు మాత్రమే ఫోనులో వీడియో తీయవచ్చును. దానిని ఇతరులకు పంపరాదు.

మందులు ఉన్నట్లుండి మానడం తీవ్రమైన మూర్ఛలకు ప్రధాన కారణాలలో ఒకటి. సాధారణంగా కనీసం రెండేళ్ళు మూర్ఛ రాకుండా ఉన్న తరువాతనే మందు తగ్గించే విషయాన్ని వైద్యులు పరిశీలిస్తారు. ఇంటికి వెళ్ళినపుడు మందు సక్రమంగా వేస్తున్నారో లేదో అడిగి తెలుసుకోవడం కార్యకర్త చేయగలిగిన మేలు.

ఇతర దేశాలలో

ఇంగ్లాండులో చిన్నపిల్లల సంరక్షణ కేంద్రం తెరచి ఉన్నంతసేపు బాలల ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవారు కనీసం ఒకరు ఉండడం తప్పనిసరి. 12 గంటల ఈ శిక్షణను మూడేళ్ళకొకసారి పునరుద్ధరించుకొనవలెను. అమెరికాలో కెంటకీ రాష్ట్రం 2018లో పాఠశాల సిబ్బందికి మూర్ఛపై శిక్షణను తప్పనిసరి చేస్తూ చట్టం చేసినది. తరువాత అనేక రాష్ట్రాలు అటువంటి చట్టాలు తెచ్చినవి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మూర్ఛ, ఇతర నాడీ వ్యాధులపై 2031 వరకు అమలయ్యే కార్యాచరణ ప్రణాళికను ఆమోదించినది.

సమాజం, చట్టం

మూర్ఛ దయ్యం పట్టడం వలన గాని, శాపం వలన గాని రాదు. మూర్ఛ ఉన్న పిల్లలలో చాలామంది అందరితో సమానంగా చదువుకొనగలరు, ఆడుకొనగలరు. హిందూ వివాహ చట్టం, 1955లోనూ, ప్రత్యేక వివాహ చట్టం, 1954లోనూ మూర్ఛ ఉన్నవారి వివాహానికి ఉన్న ఆటంకాన్ని 1999లో పార్లమెంటు సవరణ ద్వారా తొలగించినది. అయినప్పటికీ, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, పెళ్ళి కాదనే భయంతో వ్యాధిని దాచి, మందులు మాన్పించే కుటుంబాలు ఉన్నవి. అంగన్‌వాడీలో తోటివారి కళ్ళముందు మూర్ఛ వచ్చిన బిడ్డను కార్యకర్త ప్రశాంతంగా పక్కకు తిప్పి, లేచిన తరువాత మళ్ళీ అదే వరుసలో కూర్చోబెట్టినపుడు, ఇది భయపడవలసినది కాదని మిగిలిన పిల్లలు, వారి ద్వారా వారి ఇళ్ళు నేర్చుకుంటాయి.

ఇవి కూడా చూడండి

* ప్రథమ చికిత్స
* అంగన్‌వాడీ
* మెదడువాపు వ్యాధి
* బద్దెపురుగు
* 108 అత్యవసర సేవ
* సామర్లకోట